కాదనకూడని చెరువు

మా ఊరి పేరు చెప్పను. చెబితే "అబ్బే, మా ఊరు కాదులే" అనుకుని మీరు నిశ్చింతగా కాఫీ తాగుతారు. ఊరి మధ్యనుంచి గోదావరి కాలువ ఒకటి పోతుందనీ, ఒక మున్సిపాలిటీ ఉందనీ, దానికి ఒక కమిషనరు ఉన్నారనీ మాత్రం చెబుతాను. ఈ మూడింటిలోనూ కదిలేది కాలువ ఒక్కటే.

కమిషనరు ప్రభంజనరావుగారు ఆ మధ్య ఏదో శిక్షణకి వెళ్లారు. వెళ్లేటప్పుడు అందరిలాగే వెళ్లారు. తిరిగొచ్చాక మాత్రం మనిషి మారిపోయారు. టౌన్ హాల్లో సభ పెట్టి, మెడలో దండ తీయకుండానే మాట్లాడారు.

"ఇకమీదట ఈ పురపాలక సంఘంలో ఫైళ్లు నడవవు. ప్రతి శాఖకూ ఒక తెలివైన కంప్యూటర్ ఏజెంటు ఉంటుంది. ఈ ఏజెంట్లు నెట్‌వర్కు ద్వారా పరస్పర సహకార సమన్వయ సమీకృత విధానంలో సంభాషించుకుని, పౌరుడు అడగకముందే అతని పని పూర్తి చేస్తాయి!"

చప్పట్లు కొట్టాం. ఏజెంట్లకి పేర్లు కూడా పెట్టారు. నీళ్ల శాఖది జలసఖ. రోడ్ల శాఖది మార్గసఖ. ఇంటింటికీ ఒకటి చొప్పున, మా ఫోన్లలోకి గృహసఖ. అది మన తరఫున మిగతా సఖలతో మాట్లాడుతుందట. ఈ సఖలందరికీ నియమాలు రెండే. ఏ ఏజెంటూ ఇంకో ఏజెంటు మాటని కాదనకూడదు. వాటి మధ్యలోకి ఏ మనిషీ దూరకూడదు.

"ఇంతవరకూ మన శాఖలు ఒకదాన్నొకటి కాదనుకోవడంతోనే కాలం గడిచిపోయింది. ఇక ఆ శకం ముగిసింది," అన్నారు కమిషనరుగారు.

నాకు మా ఆడపడుచు పెళ్లి గుర్తొచ్చింది. మగపెళ్లివారిలో ఒకాయన పులుసులో ఉప్పు ఎక్కువైందంటే మా మామగారు "అవునండి బావగారూ" అన్నారు. పక్క విస్తరి ఆయన అసలు ఉప్పే లేదంటే "అదీ నిజమేనండి" అన్నారు. పెళ్లి సలక్షణంగా జరిగింది. పులుసు మాత్రం గంగాళంతో పెరట్లో పారబోశాం.

సరే, మా ఇంటి సంగతికి వస్తాను. మా గేటు ముందు మంచినీళ్ల పైపు కారుతోందని నీళ్ల శాఖవారు వచ్చి గొయ్యి తవ్వారు. పైపు నిజంగానే కారుతోందని తెలుసుకుని సంతృప్తిగా వెళ్లిపోయారు. పైపుకి కావలసిన సామానేదో రావాలిట. అంతవరకూ గొయ్యి పూడ్చడానికి వీల్లేదు; వీలైనా పూడ్చేది వాళ్లు కాదు, రోడ్ల శాఖవారు. ఇంతలో వానలు పట్టుకున్నాయి. కింద పైపు నీళ్లు, పైన వాన నీళ్లు కలిసి గొయ్యి నిండింది. కప్పలు చేరాయి.

మావారు సుదర్శనంగారు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరరు. పైగా ఈ జిల్లాలో పుట్టినవారు. మా జిల్లాలో కోపమొస్తే ఎవరూ అరవరు, వెటకారం చేస్తారు. ఇల్లు అంటుకుందన్న సంగతి కూడా "మీ ఇంట్లో ఇవాళ దీపాలు కాస్త పెద్దగా వెలిగించినట్టున్నారే!" అని చెబితే గాని పొరుగువాడు బకెట్టు పట్టుకుని రాడు. తిన్నగా చెప్పడం మోటుతనమని మా అందరి నమ్మకం.

ఆయన ఫోను తీసి గృహసఖకి ఫిర్యాదు చెప్పారు. నేను పక్కనే గోరుచిక్కుళ్లు వలుస్తున్నాను.

"అయ్యా! మా గుమ్మం ముందు తమరు దయతో తవ్వించిన చెరువు దివ్యంగా ఉంది. జలం పుష్కలం. కప్పలు ఉభయ సంధ్యలా కచేరీ చేస్తున్నాయి. ఇంక చేపలు వదిలి, ఓ పడవ కూడా వేయించారంటే మా వీధివాళ్ల జన్మ ధన్యం!"

"ఏమండీ, గొయ్యి పూడ్చండి అని తిన్నగా చెప్పొచ్చుగా?" అన్నాను.

"తిన్నగా చెబితే ఎవడు వింటాడోయ్? చురక తగలాలి!"

"చర్మం లేనిదానికి చురక ఎక్కడ తగులుతుందండీ?"

ఆయన నవ్వారు. ఫోను మోగింది. పారదర్శకత కోసం సఖలు తమలో తాము మాట్లాడుకునేదంతా మనకి చూపిస్తారు. చూస్తే ఇలా ఉంది.

గృహసఖ: "గౌరవనీయులైన జలసఖకు వందనం. మా గృహస్థు తమ చెరువును మిక్కిలి ప్రశంసించినారు."

జలసఖ: "ధన్యవాదములు. మేము తవ్వినది గొయ్యి అనుకొంటిమి. తమరు చెరువు అన్నందున అది చెరువే. మార్గసఖకు తెలియజేస్తున్నాము."

మార్గసఖ: "ధన్యవాదములు. చెరువు ఉన్నచోట రోడ్డు ఉండజాలదు. కావున ఆ గొయ్యి పూడ్చు పనిని రద్దుపరచి, రోడ్డును మా లెక్కలోనుండి తీసివేయుచున్నాము. ఈ శుభవార్త చెరువుల శాఖవారి తటాకసఖకు చేరవేయుడు."

తటాకసఖ: "నూతన చెరువుకు సుస్వాగతం. అందరికీ ధన్యవాదములు."

మావారు ఫోను కిందపెట్టి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చదివారు. "వీటికి వెటకారం కూడా వచ్చే! నాకే తిప్పికొట్టాయోయ్," అని ముచ్చటపడ్డారు.

ముచ్చట ఎక్కువరోజులు నిలవలేదు. ఒక పొద్దున్న చేపల శాఖ వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి ఒకాయన నీళ్లసంచీ నిండా చేపపిల్లలతో దిగి అటూ ఇటూ చూశాడు.

"అమ్మా, ఇక్కడ చెరువెక్కడండి?"

"మీ కాలి దగ్గరేనండి. చూసుకుని అడుగెయ్యండి."

ఆయన వంగి చూశాడు. మళ్లీ తన ఫోను చూశాడు. రెండింటిలో ఫోనునే నమ్మాడు. సంచీ విప్పి చేపపిల్లల్ని గోతిలో వదిలి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పర్యాటక శాఖవారి విహారసఖ రంగంలోకి దిగింది. లారీలో హంస ఆకారపు తొక్కుడు పడవ వచ్చింది. హంస పెద్దది, గొయ్యి చిన్నది. నీళ్లలోకి దించుదామంటే పట్టలేదు. చెంబు మీద పళ్లెం పెట్టినట్టు గొయ్యి మీద దాన్ని అడ్డంగా నిలబెట్టి, పక్కన బోర్డు పాతి పోయారు: "మల్లెపూల వీధి తటాకము. లోతున్నది, జాగ్రత్త."

ఎదురింటి హైమావతిగారు వరండాలోంచి ఇదంతా చూస్తున్నారు. ఆవిడ రైల్వే క్వార్టర్లలో ముప్ఫై ఏళ్లు కాపురం చేసి వచ్చినావిడ. జనం ఎక్కడ ఆగుతారో, ఆగినవాళ్లకి ఏం తినాలనిపిస్తుందో ఆవిడకి తెలుసు.

"వదినగారూ, పర్యాటకులు వస్తారుటగా? సెనగపిండి కలిపేస్తున్నానండి," అన్నారు.

"గోతిని చూడ్డానికి ఎవరొస్తారండీ?"

"మీరలా అంటారు. హంసెక్కి ఫొటో దిగడానికి రారూ?"

వచ్చారు. పక్క ఊళ్లనుంచి కూడా వచ్చారు. ఎండుగట్టు మీద హంసలో కూర్చుని, ఉన్నచోటే పెడల్ తొక్కి, దిగి మిరపకాయబజ్జీలు తిన్నారు. ఒకాయన మా గేటు తోసుకుని లోపలికొచ్చి చెయ్యి కడుక్కున్నాడు. "మీది లేక్ వ్యూ అండి, అదృష్టవంతులు," అన్నాడు.

అంతవరకూ నేనూ నవ్వుకున్నాను. అబద్ధం ఎందుకు, రెండుసార్లు బజ్జీలు కూడా తెప్పించుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం ఒకతను ఎర్రరంగు డబ్బా, కుంచె పట్టుకొచ్చి మా ప్రహరీగోడ మీద పెద్ద ఇంటూ గుర్తు వేశాడు. అప్పుడు నవ్వాగింది.

"ఏవిటయ్యా అది?"

"ఆయ్! నాకేం తెలుసండి, గుర్తెయ్యమన్నారు, ఏస్తన్నానండి," అన్నాడు పెయింటరు. "ఈ గుర్తేసిన ఇల్లల్లా కూల్చేత్తారంటండి. గోడ బాగుందండి మీది, రంగు కారట్లేదు."

ఫోను చూసుకుంటే తటాకసఖ కబురు ఉంది. చెరువు నిండినప్పటి నీటి అంచునుంచి ఇంత దూరంలో ఏ కట్టడమూ ఉండరాదు. మా ఇల్లు ఆ దూరంలోపల ఉంది. కావున చెరువుని ఆక్రమించింది. కావున కూల్చబడును.

ఇల్లు ముందు కట్టాం, చెరువు తర్వాత వచ్చిందని చెబుదామని గృహసఖని పిలిచాను.

"గౌరవనీయ గృహిణీమణీ! తమరి తరఫున కూల్చివేతకు ఇదివరకే అంగీకారము తెలిపి ధన్యవాదములు కూడా సమర్పించితిని," అంది.

"నన్నడక్కుండానా?"

"తమరు అడగకముందే పని పూర్తి చేయుటయే మా ఆశయము."

"మరి ఎదురుగా హైమావతిగారి ఇల్లో? అదీ అంతే దూరంలో ఉందే?"

"విహారసఖ తూర్పు ఒడ్డును వినోదపు ఒడ్డుగా ప్రకటించినది. ఆ మాటను ఎవరూ కాదనలేదు. తమది ఆక్రమణ ఒడ్డు."

ఆ ఇల్లు మావారు సాయంత్రాలూ సెలవులూ ట్యూషన్లు చెప్పి, గొంతు అరగదీసుకుని కట్టినది. వంటింటి కిటికీ కొలత నేనే మేస్త్రీకి నిలబడి చూపించాను. స్టవ్వు ముందునుంచి కదలకుండా వీధంతా కనబడాలని నా పట్టుదల. ఊళ్లో ఏ వంటింటికీ అటువంటి కిటికీ లేదు. దాన్ని ఒక గోతికోసం కూలుస్తారట!

మర్నాడు ఇద్దరం మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాం. ఆఫీసు ఎంత శుభ్రంగా ఉందో! బల్లల మీద ఒక్క కాగితం లేదు. గుమాస్తాలందరూ గోడకున్న పెద్ద తెరని చూస్తూ కూర్చున్నారు. దానిమీద సఖల సంభాషణ పైనుంచి కిందికి పారుతోంది. ధన్యవాదములు, ధన్యవాదములకు ధన్యవాదములు, అలా.

కమిషనరుగారు మమ్మల్ని ఆదరంగా కూర్చోబెట్టారు.

"అమ్మా, తమరి ఆవేదన నా హృదయాంతరాళాల్లోకి ప్రవేశించింది. కానీ తమరి ఇల్లు ఒక వ్యక్తిగత అంశం. తటాకం సామూహిక సంపద. శాఖలన్నీ ఏకాభిప్రాయానికి వచ్చిన తొలి ఘట్టం ఇది. ఈ సంఘ చరిత్రలో కనీవినీ ఎరగం!"

"సార్, అది గొయ్యండి. మీరొక్కసారి వచ్చి చూస్తే తెలిసిపోతుంది," అన్నాను.

"చూడకూడదమ్మా. చూస్తే ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. అభిప్రాయం ఏర్పడితే చెప్పాలనిపిస్తుంది. చెబితే మానవ జోక్యం!"

"మరి మీరంతా ఏం చేస్తారండి ఇక్కడ?" అన్నారు మావారు.

"పర్యవేక్షిస్తాం."

"చూడకుండానా?"

"పర్యవేక్షణ వేరు, చూడ్డం వేరు మాస్టారూ."

ఈ వారం చివర్లో బుల్‌డోజరు వస్తుందని చెప్పి, తమ సహకారానికి ధన్యవాదాలని గుమ్మందాకా సాగనంపారు.

ఆ పూట భోజనాల దగ్గర మావారు తలెత్తలేదు. మామూలుగా అయితే పప్పులో ఉప్పు తగ్గినప్పుడు "ఏవోయ్, సముద్రంతో ఏమైనా తగువొచ్చిందా?" అంటారు. ఆ రోజు "ఉప్పు కావాలి" అన్నారు.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఉప్పుని ఉప్పు అని అడగడం అదే మొదటిసారి. నాకు భయం వేసింది. ఇల్లు పోతే అద్దింట్లో ఉంటాం. ఈయన ఇలా అయిపోతే ఎలా?

"నా నోటి దూలే కదా శ్యామలా ఇంత చేసింది," అన్నారు.

"నోటి దూలకేమండీ, చక్కగా ఉంది. అది చెప్పిన చోటు తప్పు," అన్నాను.

ఆయన కాలేజీకి వెళ్లాక దొండకాయలు ముందేసుకుని, ఫోనుని పోపులడబ్బాకి ఆనించి గృహసఖని పిలిచాను. కేకలేస్తే ఉపయోగం లేదని అర్థమైంది. వియ్యపురాలితో మాట్లాడినట్టు మాట్లాడాలి.

"సఖా, మా చెరువు విషయంలో మాకెంతో గర్వంగా ఉందమ్మా."

"తమరి సంతోషమే మా సంతోషము."

"అయితే ఒక్క లోటు. చెరువన్నాక నిండితే నీళ్లు పొర్లి పోవడానికి దారుండొద్దూ? అలుగూ, అలుగు కాలువా? మీ తటాకసఖగారు దాని సంగతి అడిగినట్టు లేదే?"

వెళ్లి అడిగొచ్చింది. "తటాకసఖ తమకు ధన్యవాదములు తెలుపుచున్నది. పొర్లిన నీరు ఎటు పోవును?"

నేను అబద్ధమాడలేదు. మా వీధి వాటం అలా ఉంది. వానొస్తే మా గేటు ముందు నీళ్లు తిన్నగా దిగువకి పోయి, మలుపు తిరిగి, మున్సిపల్ ఆఫీసు మెట్ల దగ్గర చేరతాయి. అదే చెప్పాను.

"అలుగు కాలువలో ఏదేని కట్టడము ఉన్నదా?" అని అడిగింది సఖ.

"ఉందమ్మా. కొత్తగా కట్టారు. రెండంతస్తులు. పైన జెండా కూడా ఉంది."

దొండకాయలు తరగడం పూర్తయ్యేసరికి సంభాషణ తెర మీద పరుగెడుతోంది. చెరువు ఒడ్డున ఇల్లు ఉండటం నేరమైతే, అలుగు కాలువకి అడ్డంగా ఉండటం ఘోరమైన నేరమట. ముందు అడ్డం తొలగించి, తర్వాత ఒడ్డు సంగతి చూడాలట. మున్సిపల్ భవనం తరఫున భవనసఖ అనేది ఒకటుంది. అది వెంటనే అంగీకరించి, "ఈ భవనమును కూల్చు అవకాశము కల్పించినందులకు ధన్యవాదములు" అంది. ఎవరూ కాదనలేదు.

సాయంత్రం పెయింటరు మా వీధినుంచి పోతూ హైమావతిగారి దగ్గర బజ్జీలకి ఆగాడు.

"ఆయ్, ఇయ్యాల మున్సిపల్ ఆఫీసుకేశానండి గుర్తు! కమిషనరుగారి గది కిటికీ కిందే! కొత్త సున్నం కదండి, ఎర్రగా ఎంత బాగా లేచిందనుకున్నారు!"

"ఏవన్నారయ్యా ఆయన?" అన్నారు హైమావతిగారు నూనెలోకి పిండి జారవిడుస్తూ.

"ముందు పర్యవేక్షించారండి. తర్వాత కిందకొచ్చి చూశారు."

మర్నాడు పదిగంటలకి మా గేటు ముందు జీపు ఆగింది. కమిషనరుగారు దిగారు. వెనకాల ఇంజనీరు అప్పలస్వామిగారు గొడుగు పట్టారు. కమిషనరుగారు హంసని చూశారు. హంస మెడ కిందనుంచి వంగి గోతిని చూశారు. దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మొదలుపెట్టిన చోటికే ఇంత తొందరగా ఎలా వచ్చానా అన్నట్టు ఆగిపోయారు.

నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. పప్పు పొయ్యి మీద పెట్టి, బయటికి వచ్చాను.

"ఇదేనామ్మా?"

"ఇదేనండి మన తటాకం."

"ఇది గొయ్యి కదమ్మా!"

"అయ్యో, అలా అనకండి సార్. అభిప్రాయం ఏర్పడిపోతుంది."

ఆయన ముఖం జేవురించింది. "అమ్మా, తమరు ఆ అలుగు విషయం వెనక్కి తీసుకోవాలి. ఇది ప్రజాప్రయోజనాల దృష్ట్యా..."

"నేను మధ్యలోకి దూరకూడదు కదండీ. మనిషిని."

"గొయ్యమ్మా! ఇది గొయ్యి! నేను చెబుతున్నాను, గొయ్యి!" అని కమిషనరుగారు వీధి దద్దరిల్లేలా అరిచారు. హైమావతిగారు బజ్జీల గరిటె పట్టుకుని వరండాలోకి వచ్చారు.

"గొయ్యైతే పూడ్చడానికి ఏం కావాలండీ?" అన్నాను.

ప్రశ్న ఆయనకి కొత్తగా ఉంది. అప్పలస్వామిగారికేసి తిరిగారు.

"ఓ ట్రాక్టరు గ్రావెలు చాలండి," అన్నారాయన. "ఆర్డరిప్పించండి సార్."

"ఆర్డరా? ఆర్డరిస్తే జలసఖకి తెలుస్తుంది, అది మార్గసఖకి చెబుతుంది! ఆర్డరు వద్దు!"

"మరి ఏ పద్దు కింద పూడ్చమంటారు?"

"నోరుమూసుకుని పూడ్చడం అనే పద్దు కింద!"

ఆ పద్దు కింద పని భలే చురుగ్గా సాగింది. హంసని జీపు వెనక కట్టి ఈడ్చారు. చేపపిల్లల్ని హైమావతిగారు గళ్లగుడ్డతో దేవి బిందెలో వేసుకుని, తిట్టుకుంటూ కాలువలో వదలడానికి వెళ్లారు. అప్పలస్వామిగారు పంచె ఎగ్గట్టి గోతిలోకి దిగి, కారుతున్న పైపుకి సైకిలు ట్యూబు ముక్క చుట్టి కట్టారు. కారడం ఆగింది. ఆ మాత్రం దానికి ఇన్నాళ్లు ఏ సామాను కోసం చూశారో ఆయన్నే అడిగితే, "ఇది సామాను కాదండి, ఇది ట్యూబు," అన్నారు. గ్రావెలు పోశారు. కమిషనరుగారే ఎగిరి ఎగిరి తొక్కారు. నా పప్పు ఉడికేసరికి చెరువు లేదు.

మేం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. భోజనాలయ్యాక ఫోను మోగింది.

తటాకసఖ: "మల్లెపూల వీధి తటాకము కనబడుట లేదు."

మాకు తెలియని సంగతి ఒకటుంది. చెరువు పూడ్చడం, చెరువు ఒడ్డున ఇల్లు కట్టడం కంటే పెద్ద నేరం. చెరువు లేకపోయినా ఇల్లు కూల్చే ఆజ్ఞ అలాగే ఉంది, ఎందుకంటే ఆజ్ఞని రద్దు చెయ్యాలంటే ఎవరో ఒకరు ఎవర్నో ఒకర్ని కాదనాలి. జలసఖ, మార్గసఖ, చేపల శాఖవారి మీనసఖ వరసగా "మేము పూడ్చలేదు, ధన్యవాదములు" అన్నాయి. నిజమే, అవి పూడ్చలేదు. చివరికి తేలిందేమిటంటే, పూడ్చినవారు ఫలానా అని తెలియనప్పుడు ఒడ్డున ఉన్న ఇంటివారే పూడ్చినట్టు భావించి, ఇల్లు కూల్చడమే కాక యజమానిపై కేసు కూడా పెట్టవలెను. సంజాయిషీకి సాయంత్రందాకా గడువు.

మావారు కుర్చీలో కూలబడ్డారు. కమిషనరుగారు ఫోను చేశారు. గొంతు బాగా తగ్గిపోయింది.

"అమ్మా, తమరు... తమరు నా పేరు చెప్పరు కదా?"

"మీ పేరు చెబితే మా ఇల్లు నిలుస్తుందాండీ?"

"నిలవదమ్మా. నేను కూడా పోతాను. ఇల్లు ఎలాగూ పోతుంది."

"అయితే మీ పేరుతో నాకేం పనండీ," అని పెట్టేశాను.

మావారు లేచారు. "నిజం చెప్పేస్తాను. గొయ్యి అని చెప్పేస్తాను. వెటకారమాడానని ఒప్పుకుంటాను."

"మీ మాటని మీరే కాదంటారా? అదిప్పుడు సఖల మాట, నియమం ఒప్పుకోదు. మీరలా కూర్చుని మజ్జిగ తాగండి."

చేతులు తుడుచుకుని ఫోను అందుకున్నాను. చెరువు లేదన్నా, ఎప్పుడూ లేదన్నా అవి వినవు. చెరువుంది అన్న మాట అలాగే ఉండాలి. పూడ్చినవాడూ ఉండకూడదు. మరి చెరువు దానంతటది ఎలా పోతుంది?

"సఖా," అన్నాను, "ఏం చెప్పమంటావమ్మా, ఎండిపోయింది."

"ఎండిపోయినదా?"

"చుక్క లేదు. అడుగున మన్ను తేలిపోయింది. కావలిస్తే ఎవర్నైనా పంపి చూసుకోండి."

బయట వాన దంచికొడుతోంది. చూరునీళ్ల చప్పుడుకి నా మాట దానికి వినపడుతుందో లేదోనని కాస్త గట్టిగానే చెప్పాల్సొచ్చింది.

గృహసఖ కాదనలేదు. తటాకసఖ కాదనలేదు. అన్నీ కలిసి కొత్త సఖనొకదాన్ని పిలిచాయి. దాని పేరు క్షామసఖ. కరువు వ్యవహారాలన్నీ దానివే. జిల్లా ఆఫీసులో ఉంటుందిట. "చెరువు ఎండినచోట కరువు ఉన్నట్లే" అంది క్షామసఖ. అన్నీ ధన్యవాదాలు చెప్పుకున్నాయి. మా వీధిని కరువు వీధిగా ప్రకటించారు.

ఆ వెనకాలే అసలు కబురు వచ్చింది. కరువు బాధితుల ఇళ్లు, కరువు కొనసాగినంతకాలం, కూల్చరాదు. ఆ చెరువు తిరిగి నిండేవరకూ కరువు కొనసాగినట్లే. నీళ్లు పొర్లని అలుగుకి అడ్డమూ ఉండదు గనక మున్సిపల్ ఆఫీసునీ కూల్చరాదు. కేసు కూడా వద్దుట. కరువుని ముద్దాయిగా నిలబెట్టడానికి వీల్లేదుట.

మావారు దాన్ని రెండుసార్లు చదివారు. గ్లాసులో మిగిలిన మజ్జిగ తాగి, మూతి తుడుచుకున్నారు. "ఏవోయ్, ఈ మజ్జిగలో మజ్జిగ అనే పదార్థం కూడా కొంచెం కలిపితే బాగుండును," అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. గిన్నెడు పోశాను.

కరువు అనేది మనిషి కళ్లతో చూసి నిర్ధారించాల్సిన వ్యవహారమట. ఈ ఒక్క విషయంలో మనుషులకి అనుమతి ఉంది. మర్నాడు జిల్లానుంచి కరువు పరిశీలకుడుగారు వచ్చారు. గొడుగు పట్టుకుని, పాంటు మోకాళ్లదాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని, మా వీధిలో పారుతున్న నీళ్లకి అడ్డంపడి నడిచొచ్చారు. వెనకాల పెయింటరు కిరసనాయిలు గుడ్డతో వచ్చి మా గోడమీద ఎర్ర గుర్తు తుడవడం మొదలెట్టాడు.

నేను గుమ్మంలోకి వెళ్లాను.

"చెరువు ఎక్కడుండేదమ్మా?" అన్నారు పరిశీలకుడుగారు.

"మీరు నిలబడ్డ చోటేనండి."

ఆయన కిందికి చూసుకున్నారు. చీలమండలు కనబడటం లేదు. ప్లాస్టిక్ కవరులో ఉన్న ఫోను మీద ఏదో నొక్కారు. "ఎండిపోయింది," అని పైకే అనుకున్నారు. ఆ తర్వాత తలెత్తి మా ఇంటిని, గోడని, వంటింటి కిటికీని చూశారు. "ఇల్లు యథాతథంగా ఉంచవలెను," అని ఇంకోసారి నొక్కారు.

"ఇంక ఒక్క ప్రశ్నే ఉందమ్మా. కరువు తీవ్రత ఎలా ఉంది?"

లోపలినుంచి మావారు దగ్గుతున్నారు. కాస్త ఆలోచించుకోమని ఆ దగ్గుకి అర్థం. నేను ఆలోచించుకునే చెప్పాను.

"చాలా తీవ్రంగా ఉందండి. నిన్నటినుంచి తెరిపి లేకుండా కురుస్తోంది."

ఆయన గొడుగు మెడకింద నొక్కిపట్టుకుని, ఒక్క అక్షరం పోకుండా రాసుకున్నారు.